మైలేజీ పెరిగిన మాట నిజమే: ఇంట్లో చేసిన ఏరో మార్పుల కేసు

గాలి అడ్డు తగ్గించడానికి (ఏరో మార్పులంటే అవే) ఇంట్లోనే అట్టలు, రేకులు బిగించానని, దాంతో కారు మైలేజీ పెరిగిందని ఒక యజమాని చెప్పాడు. ఆ ఫలితం నిజం, దానికి ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. ఇలాంటి కేసులు షెడ్డుకి వస్తూనే ఉంటాయి గానీ, కారణాన్ని విడదీసి చూసే అవకాశం ఎప్పుడో గానీ దొరకదు. అందుకే రాసి పెడుతున్నాను. మనిషిని, బండిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బండి, తిరుగుడు

1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. టర్బో లేదు, మాన్యువల్ గేరు, ఆరేళ్ల బండి. యజమాని యాభై దాటిన వ్యాపారి. వారం వారం హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లొస్తాడు, ఒక్కోసారి అక్కణ్ణుంచి ఇంకా కిందికి. అంటే బండి తిరుగుడంతా దాదాపు 65వ నంబరు జాతీయ రహదారి మీదే.

ఊళ్లో తిరిగే బండికి ఈ ఏరో పనులన్నీ దండగ. గాలి అడ్డు (డ్రాగ్) వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ సైజు బండికి డ్రాగ్ గుణకాన్ని (ఆకారం గాలికి ఎంత అడ్డో చెప్పే అంకె) ముందువైపు వైశాల్యంతో గుణిస్తే 0.7 చదరపు మీటర్ల దగ్గర తేలుతుంది. గంటకు 60 మీద గాలి వెనక్కి తోసే బలం 110 న్యూటన్లు, టైర్ల దొర్లుడు మింగేది 120. రెండూ ఇంచుమించు సమానం. 100 మీద టైర్ల లెక్క అలాగే ఉంటుంది, గాలి మాత్రం 310 దాటుతుంది. అక్కడ పెట్రోలు ఖర్చు పెట్టించేది ప్రధానంగా గాలే.

కాబట్టి ఆయన ఆలోచన పిచ్చిదేమీ కాదు. 1970ల్లో చమురు ధరలు మండినప్పుడు అమెరికాలో నాసా డ్రైడెన్ కేంద్రం ఇంజనీర్లు ఒక వ్యాను చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి పెట్టెలా చేశారు. తర్వాత ముందు అంచులను గుండ్రంగా మార్చి, డ్రాగ్ సగానికి పైగా తగ్గిందని చూపించారు. 1999లో వచ్చిన హోండా ఇన్‌సైట్ వెనక చక్రాలను సగం మూసి, తోకను సన్నగా లాగి 0.25 గుణకం సాధించింది. అట్టముక్కతో గాలిని దారి మళ్లించడం సాధ్యమే. అయితే ఏ అట్ట, ఎక్కడ, ఏ వాతావరణంలో అన్నది తేలాలి.

ఏ బాధతో వచ్చాడు

మే నెల. పంతంగి టోల్ దగ్గర క్యూలో నిలబడితే ఏసీ వేడి గాలి కొడుతోంది, ఇంజన్ టెంపరేచరు ముల్లు పైకి పోతోంది. బండి కదిలితే సర్దుకుంటుంది. దాంతోపాటు అప్పుడప్పుడు ప్లాస్టిక్ కాలిన వాసన.

ఆయన మొదటి షరతు ఇది: "మైలేజీ 16 నుంచి పద్దెనిమిదిన్నరకి వచ్చిందండీ. దాన్ని మాత్రం కదపకండి. ఏసీ ఒక్కటీ చూసి పెట్టండి."

లిఫ్ట్ ఎక్కించి చూస్తే కింద సొంత వర్క్‌షాపే ఉంది. ఫ్లెక్సీ బోర్డుల వాళ్లు వాడే సన్‌ప్యాక్ షీటు, ముందు బంపర్ నుంచి వెనక సీటు కిందదాకా ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి ఉంది. ముందు గ్రిల్లు, బంపర్ కింది సందు ముప్పాతిక వంతు నల్ల టేపుతో మూసేశాడు. నాలుగు చక్రాలకూ ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండేది) గుండ్రంగా కోసి మూతలు పెట్టాడు. టాపు చివర, డిక్కీ అద్దం పైన, ఆన్‌లైన్లో కొన్న సొరచేప రెక్కల్లాంటివి వరుసగా అంటించి ఉన్నాయి. డిక్కీ తలుపుకు ఫోమ్ బోర్డుతో చేసిన తోక, మూరెడు పొడుగు. ఇవన్నీ చేసినవాడు టాపు మీద ఇనప క్యారియర్‌ని మాత్రం అలాగే ఉంచేశాడు. "నెలకి ఒకటి రెండుసార్లు సరుకు వేసుకుంటానండీ, ప్రతిసారీ ఎవడు విప్పుతాడు?"

మొదటి నిర్ణయం

అన్నీ పీకేసి ఏసీ బాగుచేసి పంపేయొచ్చు. అలా చేస్తే మరుసటి ఆదివారం ఆయన మళ్లీ బిగిస్తాడు. తన అంకె మీద ఆయనకున్న నమ్మకం నా మాట మీద ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. అందుకని ప్రమాదం ఉన్నవి రెండే వెంటనే తీశాం. ఒకటి గ్రిల్లు టేపు. రెండోది ఇంజన్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కింద ఉన్న షీటు భాగం. సన్‌ప్యాక్ అంటే పాలీప్రొపిలీన్, 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కన్వర్టర్ పైతొడుగు హైవే మీద కొన్ని వందల డిగ్రీలకు పోతుంది. షీటు అప్పటికే ఒకచోట కరిగి వేలాడుతోంది, దాని పక్కనే ఇంజన్ ఆయిల్ చెమ్మ. వాసన ఎక్కడిదో తేలిపోయింది. మిగతావన్నీ కొలిచేదాకా ఉంచాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

టేపు తీయగానే ఏసీ సగం బాగుపడింది. ఏసీ గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది. గాలి అందకపోతే గ్యాసు పీడనం పెరిగి, కంప్రెసర్‌ని కాపాడడానికి ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. అందుకే క్యూలో వేడి గాలి. దాని పల్చటి రేకుల (ఫిన్నుల) మధ్య పురుగులు, దుమ్ము కడిగించాక మిగతా సగం కూడా కుదిరింది. గ్యాసు సరిపడానే ఉంది.

గ్రిల్లు మూయడం మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ చిట్కా చలి దేశాల నుంచి వచ్చింది. అక్కడ అది రెండు రకాల లాభం: డ్రాగ్ తగ్గుతుంది, ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. మన దగ్గర లెక్క తిరగబడుతుంది. రేడియేటర్ గుండా పోయే గాలి వల్ల వచ్చే డ్రాగ్ మొత్తంలో సాధారణంగా 5 నుంచి 10 శాతం. గంటకు 90 మీద గాలిని చీల్చడానికి ఈ బండికి 6 కిలోవాట్ల పైచిలుకు కావాలి. ముప్పాతిక మూసి అందులో మూడు శాతం మిగిల్చినా వచ్చేది 200 వాట్ల లోపే. అదే మూత వల్ల రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరిగితే అది తినేది కూడా 200 వాట్ల దాకా ఉంటుంది. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నష్టాలు కలిపితే ఇంజన్ మీద పడేది 300 పైనే. పీడనం పెరిగిన కంప్రెసర్ లాగేది దీనికి అదనం. మిగిల్చిందంతా పోయి ఎదురు కట్టాల్సి వస్తోంది. కొన్ని కొత్త బండ్లకు కంపెనీలే గ్రిల్లు షట్టర్లు ఇస్తున్నాయి కదా అని ఆయన అడిగాడు. అవి మోటారు మీద నడుస్తాయి, కూలంట్ వేడిని, ఏసీ పీడనాన్ని చూసి తెరుచుకుంటాయి. టేపుకు ఆ తెలివి ఉండదు.

పద్దెనిమిదిన్నర ఎక్కణ్ణుంచి వచ్చింది

గ్రిల్లు టేపు ఎదురు నష్టమే. టాపు మీద క్యారియర్ అలాగే ఉంది. అలాంటప్పుడు రెండున్నర కిలోమీటర్లు పెరగాలంటే మిగతా అట్టలు చాలా గొప్పగా పనిచేయాలి. ఆయన కొలిచే పద్ధతి ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి. పంపు నాజిల్ ఆటోమేటిగ్గా ఆగే చోటు ప్రతిసారీ ఒకటి కాదు. ఇరవై లీటర్ల కొలతలో ఒక లీటరు అటూ ఇటూ అయితే అదే ఐదు శాతం. కానీ ఆయన చాలా ట్యాంకుల లెక్క రాసి పెట్టుకున్నాడు, తేడా స్థిరంగా ఉంది. కొలత తప్పని తోసేయడానికి వీల్లేదు.

అప్పుడు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తెప్పించమన్నాను. టోల్ కోతలు టైముతో సహా ఉంటాయి. సూర్యాపేటలో టీకి ఆగుతాడు కాబట్టి దాని తర్వాతి చిల్లకల్లు టోల్ దాకా చూస్తే లాభం లేదు. ఆగకుండా పోయే ముక్క పంతంగి నుంచి కొర్లపహాడ్ వరకు. ఆ రెండు టోళ్ల మధ్య పట్టిన సమయాన్ని మార్పులకు ముందు, తర్వాత పక్కపక్కన పెట్టాం. తర్వాతి ప్రయాణాల్లో ఆరేడు నిమిషాలు ఎక్కువ పడుతోంది, దాదాపు ప్రతిసారీ. లెక్కగడితే సగటున 100 పైన పోయే బండి 90 కిందికి దిగింది.

ఎందుకు తగ్గించారు సార్ అంటే ఆయనకే తెలీదు. కాసేపు ఆలోచించి, "95 దాటితే కింద షీటు దడదడలాడుతుందండీ, అందుకని..." అన్నాడు.

లెక్క కూడా దీనికి సరిపోయింది. క్యారియర్‌తో సహా ఈ బండిని 105 మీద నడపడానికి దాదాపు 525 న్యూటన్లు కావాలి. 90 మీద 420 చాలు. ఇరవై శాతం తక్కువ. తక్కువ లోడు మీద ఇంజన్ సామర్థ్యం కొంత పడిపోతుంది కాబట్టి పెట్రోల్లో అంత మొత్తం రాదు, ఎంత వస్తుందో సుమారుగా కడితే 16 నుంచి పద్దెనిమిదిన్నర. అట్టలకు ఇక మిగిలింది చాలా కొద్ది. షీటు పనిచేసింది నిజమే, దడదడ చప్పుడు చేసి.

కొలిచిన తీరు

ఇది చెప్పాక ఆయన ముఖం మాడ్చుకున్నాడు, సహజమే. "అయితే ఒక్కోటీ తీసి చూపించండి" అన్నాడు. అదే నాక్కావలసింది.

రెండు పద్ధతులు వాడాం. ఒకటి కోస్ట్ డౌన్: ఇంకా రాకపోకలు మొదలవని తిన్నటి రోడ్డు ముక్క మీద తెల్లవారుజామున 90 దాటించి, న్యూట్రల్‌లో పెట్టి, 90 నుంచి 60కి పడడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్ జీపీఎస్‌తో చూడడం. ఇంజన్ ఆపకూడదు, ఆపితే బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ పోతాయి. స్పీడోమీటర్ని నమ్మకూడదు, చాలా బండ్లలో అది ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఈ బండికి ఆ పడడం అరనిమిషం పైన పడుతుంది. డ్రాగ్ పదో వంతు తగ్గితే అది సుమారు రెండు సెకన్లు పెరుగుతుంది. అంటే పదో వంతు మార్పు కనబడుతుంది, రెండు మూడు శాతం మార్పు కనబడదు. ఈ హద్దు ముందే తెలుసుకుని ఉంటే ప్రతి చిన్న తేడాకీ మురిసిపోయే పని ఉండదు.

రెండోది హైవే మీద జీపీఎస్ 90 పట్టుకుని, బండి కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ స్కానర్‌లో ఇంధనం చూడడం. రెండిట్లోనూ నియమం ఒకటే: అటూ ఇటూ రెండు దిక్కులా నడపాలి, భాగం ఉంచి, తీసి, మళ్లీ పెట్టి చూడాలి. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నా 90 మీద డ్రాగ్ 23 శాతం పెరుగుతుంది. కంటికి తెలియని ఏటవాలు, వెయ్యికి ఒకటి ఉన్నా, కోస్ట్ డౌన్‌ని సెకను పైన మార్చేస్తుంది. వాతావరణం కూడా అంతే. 20 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలి కంటే ఐదు శాతం బరువు. జనవరి ట్యాంకుని మే ట్యాంకుతో పోల్చి ఏరో ఫలితం చెప్పేవాళ్లు దీన్ని మర్చిపోతారు.

ఏది నిలబడలేదు

సొరచేప రెక్కలు: ఏ తేడా లేదు. వీటికి శాస్త్రం ఉంది. మిత్సుబిషి ఇంజనీర్లు 2004లో లాన్సర్ ఎవల్యూషన్ మీద చేసిన పనిలో డ్రాగ్ గుణకం 0.006 తగ్గిందని ప్రచురించారు. కానీ అది సెడాన్. వెనక అద్దం మీదుగా వాలుగా దిగే గాలి ఊడిపోకుండా పట్టి ఉంచడం ఆ రెక్కల పని. హ్యాచ్‌బ్యాక్‌లో టాపు కత్తిరించినట్టు ఆగిపోతుంది, గాలి ఊడిపోయే చోటు ఆ అంచే. అక్కడ రెక్కలు పెట్టినా పట్టుకోవడానికి వెనక ఏమీ లేదు. కంపెనీ ఖరీదైన కారు మీద సాధించిన లాభం కూడా మన కోస్ట్ డౌన్ కొలత హద్దుకి లోపలే ఉంటుందన్నది వేరే సంగతి.

తోక గురించే ఎక్కువ చర్చ జరిగింది, ఎందుకంటే సిద్ధాంతపరంగా అన్నిటికంటే పెద్ద లాభం ఉండాల్సింది అక్కడే. బండి వెనక ఏర్పడే అల్పపీడనం దాన్ని వెనక్కి లాగుతుంది. జర్మనీలో వునిబాల్డ్ కామ్ 1930ల్లోనే చూపినట్టు, తోకను కొంతమేర సన్నగిల్లేలా లాగి అక్కడ నిలువునా కోసేస్తే ఆ లాగుడు చాలా తగ్గుతుంది. మన యజమాని అదే చేయబోయాడు. కానీ మూరెడులో ఎంత వీలైతే అంత సన్నం చేయాలని వాలు 25 డిగ్రీల దాకా దించాడు. గాలి అంత మలుపు తిరగదు, 10 నుంచి 15 డిగ్రీల మధ్యే అంటుకుని ఉంటుంది.

నోటితో చెబితే నమ్మడని ఊలు దారాల ముక్కలు టాపు మీదా, తోక మీదా టేపుతో అంటించి, పక్క లేన్లో ఇంకో బండిలోంచి వీడియో తీయించాం. టాపు మీది దారాలు వెనక్కి తిన్నగా పడుకున్నాయి. తోక మీదివి నాలుగు దిక్కులా కొట్టుకుంటున్నాయి, కొన్ని ఎదురు తిరిగి ముందుకే చూస్తున్నాయి. వీడియో చూశాక ఆయన నాతో వాదించలేదు. షెడ్డులో ఈ కేసంతటికీ పావలా ఖర్చు లేని పరీక్ష ఇది, అన్నిటికంటే ఎక్కువ నమ్మించింది కూడా ఇదే.

"అయితే వాలు తగ్గించి కొత్తది చేద్దాం" అన్నాడు. చేయొచ్చు. కాకపోతే పన్నెండు డిగ్రీల వాలుతో చెప్పుకోదగ్గ లాభం రావాలంటే తోక మీటరుకి దగ్గర పడుతుంది. డిక్కీ తెరవాలంటే దాన్ని ఊడదీయాలి. బ్రేకు లైట్లు, నంబరు ప్లేటు పక్కనుంచి కనబడవు, ఇప్పుడున్న తోక కూడా వాటిని కొంత కప్పేస్తోంది. చట్టం సంగతి కూడా చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి లేదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగి తోక కారణమైతే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఏరో లాభం ఉన్నా ఆ దారిలో పోవద్దని నేను నిర్ణయించుకున్నాను. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

చక్రాల మూతలు ఇంకో కథ. చక్రాలు, వాటి గూళ్లు కలిపి బండి డ్రాగులో నాలుగో వంతు దాకా ఉంటాయి కాబట్టి అక్కడ ఆశ పెట్టుకోవడం న్యాయమే. కానీ కొలతలో ఏమీ దొరకలేదు. దొరికింది వేరేది. ఆయన కోసిన మూతకు వాల్వు దగ్గర రంధ్రం లేదు. గాలి కొట్టించాలంటే ట్యాగులన్నీ కోసి మళ్లీ బిగించాలి, అందుకని నెలల తరబడి గాలే చూపించలేదు. 33 ఉండాల్సిన టైర్లు 26, 27 పీఎస్ఐ మీద తిరుగుతున్నాయి. మూత మిగిల్చిందేదైనా ఉంటే మెత్తబడ్డ టైరు దాన్ని తినేసింది. పైగా 90 మీద పదునైన ఏసీపీ పళ్లెం ఊడితే వెనక వచ్చే బైకువాడి పరిస్థితి ఊహించుకోవాలి. మూతలు తీసేశాం.

ఏది పనిచేసింది

క్యారియర్ తీయడం. కోస్ట్ డౌన్‌లో కళ్లకు కనబడినది ఇదొక్కటే, రెండు సెకన్ల పైనే. ఓబీడీలో ఎనిమిది శాతం దగ్గర. ఖాళీ క్యారియర్‌కి అంత డ్రాగ్ ఎందుకంటే, గుండ్రటి ఇనప కడ్డీ గాలిలో దాని సైజుకి మించి అలజడి రేపుతుంది, పైగా టాపు మీద గాలి బండి వేగం కంటే ఎక్కువ వేగంతో పోతుంటుంది.

టైర్లలో సరిపడా గాలి కొట్టించడం ఇంకో మూడు నాలుగు శాతం. ఇది ఏరో కాదు, అయినా ఏరో పేరుతో చేసిన పని వల్ల పోయింది కాబట్టి ఈ ఖాతాలోనే రాయాలి.

ఇక కింద షీటు. దాన్ని విప్పుతుండగా, కంపెనీ ఇచ్చే ఇంజన్ అండర్‌కవర్ అసలు బండికి లేదని తేలింది. ఎప్పుడో స్పీడ్ బ్రేకర్‌కి తగిలి విరిగిందట, తర్వాత సర్వీసుల్లో ఎవరూ తిరిగి వేయలేదు. ముందు టైర్ల ఎదుట ఉండే చిన్న రబ్బరు పట్టీ కూడా ఒకవైపు చిరిగి పోయింది. అది ఎందుకుంటుందో తెలీక అలంకారం అనుకుంటారు, టైరు ముఖాన గాలి నేరుగా కొట్టకుండా పక్కకి తిప్పడం దాని పని. ఆయన సన్‌ప్యాక్‌తో చేయాలని చూసినదాన్ని కంపెనీ వేడి తట్టే ప్లాస్టిక్‌తో, ఆయిల్ విప్పడానికి కిటికీతో, చల్లబడడానికి సందులతో ముందే చేసి ఇచ్చింది. రెండూ కొత్తవి తెప్పించి వేశాం. వాటి లాభం కొలత హద్దు దగ్గరే ఆడింది, ఒకటి రెండు శాతం అనుకోవచ్చు, అంతకుమించి ఒప్పుకోను. వెనక భాగానికి, సైలెన్సర్‌కి దూరంగా ఉన్న చోట షీటు ఉంచుకుంటానన్నాడు. వానాకాలంలో బురద చేరి బరువెక్కుతుందని చెప్పి, తీయించేశాను.

ఇవన్నీ అయ్యాక జీపీఎస్ 90 మీద లీటరుకు 20 దాటింది. వచ్చినప్పుడు బండి మీదున్న అట్టలు, రేకులు ఇప్పుడు ఒక్కటీ లేవు.

ఇప్పుడు పాటించే వరస

ఇలాంటి బండి వస్తే ఇప్పుడు ముందు ఫాస్టాగ్ టైములు అడుగుతాను, తర్వాతే మైలేజీ పుస్తకం చూస్తాను. ఏ భాగం బిగించినా దాని బరువు, చప్పుడు, భయం డ్రైవరు కాలి మీద పనిచేస్తాయి. ఆ ప్రభావాన్ని విడదీయకుండా ఏ అంకె విన్నా లాభం లేదు. ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కించి, కంపెనీ ఇచ్చిన కవర్లు, పట్టీలు, క్లిప్పులు ఏవి ఊడిపోయాయో చూస్తాను. కొత్తవి కలపడం గురించి మాట వస్తే దాన్ని నలభై డిగ్రీల మధ్యాహ్నం, టోల్ క్యూ, ఏసీ ఆన్ అన్న మూడు పరిస్థితుల్లో ఊహించి చూడమంటాను. చలి దేశపు చిట్కాలు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి.

ఈయన విషయంలో మిగిలిపోయిన చిక్కు క్యారియరే. రెండు బోల్టులకు బదులు చేత్తో తిప్పే క్లాంపులు పెట్టించాం, పది నిమిషాల్లో ఎక్కుతుంది, దిగుతుంది. అయినా సరుకు వేసిన వారం తర్వాత వారం కూడా అది టాపు మీదే కనబడుతోందని ఆయన కొడుకు సర్వీసుకి తెచ్చినప్పుడు చెప్పాడు. వేగం సంగతి అడిగితే, చప్పుడు పోయింది కదా, నాన్న మళ్లీ 105 మీదే పోతున్నాడన్నాడు. 90 మీద 20 ఇచ్చిన బండి ఆ వేగంలో పదిహేడు పైచిలుకు ఇస్తోందట. పాత 16 కంటే అది నయమే, కాబట్టి ఆయనకి ఫిర్యాదు లేదు.